మహమ్మారి రోజుల్లో పక్షవాతం వస్తే: హైదరాబాద్‌లో గంటలు ఎక్కడ పోతాయి, ఎలా మిగుల్చుకోవాలి

మెదడుకు వెళ్లే నాళంలో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగేస్తారు. దానికి మామూలుగా 6 గంటలు గడువు. స్కాన్‌లో కాపాడుకోదగ్గ మెదడు భాగం ఇంకా మిగిలి ఉందని తేలితే కొందరికి 24 గంటల వరకూ చేస్తారు. పెద్ద నాళం మూసుకున్నప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని అంచనా.

మహమ్మారి వచ్చినంత మాత్రాన ఈ గడువులు పెరగవు. గుర్తుపట్టడం, బయల్దేరడం, దారి, ఆసుపత్రి గేటు, స్కాన్ గది, వార్డు, ఇలా ప్రతి మెట్టు మీదా మామూలు రోజుల్లో లేని ఆలస్యం మాత్రం వచ్చి చేరుతుంది. 2020 మార్చి నుంచి జూన్ వరకు 70 దేశాల్లోని 457 ఆసుపత్రుల లెక్క తీస్తే, పక్షవాతంతో చేరినవాళ్లు అంతకుముందు నాలుగు నెలలకన్నా 11 శాతానికి పైగా తగ్గారు. జబ్బు తగ్గిందని ఎవరూ అనుకోలేదు. జనం ఇంట్లో ఉండిపోయారు. 'దవాఖానాకు పోతే కరోనా అంటుకుంటుంది' అన్న భయం మన బస్తీల్లోనూ, అపార్టుమెంట్లలోనూ ఒకేలా పనిచేసింది.

పైగా కరోనా లాంటి వైరస్ రక్తనాళాల లోపలి పొరను వాచేలా చేసి, రక్తం తొందరగా గడ్డకట్టేలా చేస్తుంది. కరోనాతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో దాదాపు నూటికి ఒకరికి పక్షవాతం వచ్చింది. వాళ్లలో 50 ఏళ్ల లోపువాళ్లూ ఉన్నారు. కాబట్టి అలాంటి రోజుల్లో 'చిన్న వయసే కదా, నీరసమై ఉంటుంది' అని సరిపెట్టుకోకూడదు.

ఇంకా ఏమీ కాకముందే చేసి పెట్టుకోవాల్సిన పని

బీపీ, షుగర్, గుండె దడ, ఇంతకుముందు ఒకసారి పక్షవాతం, వీటిలో ఏది ఉన్నవాళ్లు ఇంట్లో ఉన్నా, కేసులు పెరుగుతున్నాయన్న వార్త వినగానే ఒక గంట కూర్చుని ఫోన్లు చేయండి. మీ ఇంటికి అరగంట, ముప్పావుగంట దూరంలో ఉన్న మూడు ఆసుపత్రులను ఎంచుకుని, రిసెప్షన్‌ను కాకుండా క్యాజువాలిటీని అడగండి. సీటీ స్కాన్ రాత్రిపూట కూడా నడుస్తుందా? గడ్డ కరిగించే ఇంజెక్షన్ మీ దగ్గరే ఉంటుందా, బయట నుంచి తెప్పిస్తారా? రాత్రి న్యూరో డాక్టర్ ఎంతసేపట్లో వస్తారు? గడ్డ లాగే క్యాథ్‌ల్యాబ్ మీ దగ్గర ఉందా? కరోనా ఉన్న పేషెంట్‌కు పక్షవాతం వస్తే తీసుకుంటారా? ఈ అయిదింటికీ సూటిగా జవాబు చెప్పిన చోటే మీకు పనికొచ్చేది. 'తీసుకురండి, చూస్తాం' అన్నదాన్ని జవాబు కింద లెక్కేయకండి.

ఈ వాకబును రెండు వారాలకోసారి మళ్లీ చేయాలి. మహమ్మారిలో ఆసుపత్రుల పాత్రలు మారిపోతాయి. 2020లోనూ, మళ్లీ 2021లోనూ గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కరోనాకే కేటాయించారు. సికింద్రాబాద్, ముషీరాబాద్ వైపువాళ్లు ఏళ్ల తరబడి అలవాటు కొద్దీ పరుగెత్తే క్యాజువాలిటీ మిగతా జబ్బులకు లేకుండా పోయింది. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా, పంజాగుట్టలోని నిమ్స్ మీద ఆ బరువు పడింది. ఏ ఆసుపత్రి దేనికి మారిందో తెలియకుండా బయల్దేరితే ఒక గేటు నుంచి ఇంకో గేటుకు తిరగడంలోనే గంట గడిచిపోతుంది.

ఇక ఒక కాగితం మీద ఈ వివరాలు రాసి, ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి: పేరు, వయసు, బరువు, ఉన్న జబ్బులు, వాడే మందులు మోతాదుతో సహా, పడని మందులు, ఈ మధ్య జరిగిన ఆపరేషన్లు, గతంలో మెదడులో రక్తస్రావం అయి ఉంటే ఆ సంగతి.

బరువు ఎందుకంటే, గడ్డ కరిగించే మందు మోతాదు కట్టేది దాన్ని బట్టే. ఆల్టెప్లేజ్ అయితే కిలోకు 0.9 మిల్లీగ్రాములు, ఎంత లావు మనిషికైనా 90 మిల్లీగ్రాములు దాటదు. 60 కిలోల మనిషికి 54 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు ఒక్క నిమిషంలో, మిగతాది గంటసేపు ఎక్కిస్తారు. టెనెక్టెప్లేజ్ అయితే కిలోకు 0.25 మిల్లీగ్రాములు, ఒకేసారి ఇచ్చేస్తారు, 25 దాటదు. మాట పడిపోయిన మనిషిని నిలబెట్టి బరువు చూడటం కుదరదు. చుట్టూ పీపీఈ కిట్లు వేసుకున్న సిబ్బంది ఉన్నప్పుడు అసలే కుదరదు.

ఇదే కాగితంలో రక్తం పలచబడే మందుల సంగతి పెద్ద అక్షరాలతో ఉండాలి. ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడుతుంటే చివరి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) ఎంత, ఎప్పుడు చూపించారు? అది 1.7 దాటితే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వరు. రివరాక్సబాన్, అపిక్సబాన్ లాంటివైతే చివరి మాత్ర ఏ రోజు, ఏ టైముకు వేసుకున్నారు? కరోనా తగ్గి ఇంటికొచ్చినవాళ్లకు కొన్నాళ్లు పొట్ట మీద ఎనాక్సపారిన్ ఇంజెక్షన్లో, రివరాక్సబాన్ మాత్రలో రాసేవారు. 'అది కరోనా మందు' అనుకుని ఇంట్లోవాళ్లు ఆ మాట చెప్పరు. చెప్పకపోతే, గడ్డ కరిగించే మందు దాని మీద పడి మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

గుర్తుపట్టడం: మాస్కు తీయించండి

మూతి వంకర, చెయ్యి పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం. ఈ మూడింటితో పాటు ఉన్నట్టుండి తూలడం, ఒక కన్నుకు గానీ ఒక పక్కన గానీ చూపు పోవడం, రెండుగా కనిపించడం కూడా ఆ లెక్కలోవే. పరీక్షకు అర నిమిషం పడుతుంది. మాస్కు కిందికి దించి పళ్లు కనిపించేలా నవ్వమనండి. కళ్లు మూయించి రెండు చేతులూ ముందుకు చాపించి పది దాకా లెక్కపెట్టండి, ఒకటి కిందికి జారుతుందేమో చూడండి. ఒక వాక్యం చెప్పి తిరిగి అనమనండి. ఒక్కటి తేడా ఉన్నా చాలు.

మాస్కు వల్ల మూతి వంకర దాగిపోతుంది. ముద్ద మాటను మాస్కు అడ్డం కింద కొట్టేస్తాం. ఫోన్‌లో మాట్లాడితే 'సిగ్నల్ బాలేదు' అనుకుంటాం. అందుకే ఐసోలేషన్‌లో ఉన్న పెద్దవాళ్లను వాయిస్ కాల్‌తో సరిపెట్టకుండా వీడియో కాల్‌లో చూడాలి. పొద్దున లేవగానే, మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం టీకి, పడుకునేముందు, ఇలా నాలుగు పూటలు. ప్రతిసారీ నవ్వమని, రెండు చేతులూ ఎత్తమని అడగండి.

ఈ నాలుగు కాల్స్ వల్ల ఇంకో లాభం ఉంది. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న 'ఎప్పుడు మొదలైంది?' అని. గది తలుపేసుకుని ఒంటరిగా ఉన్న మనిషి విషయంలో ఎవరూ చెప్పలేరు. అప్పుడు డాక్టర్లు చివరిసారి బాగున్నట్టు చూసిన టైము నుంచి లెక్కేస్తారు. రాత్రి 10 గంటలకు చూసి, పొద్దున 7 గంటలకు తలుపు కొడితే 9 గంటలు పోయినట్టే. రాత్రి 2 గంటలకు మూత్రానికి లేచి బాగానే నడిచారని ఎవరైనా చూసి ఉంటే లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. నిద్రలోనే వచ్చినా ఆశ వదులుకోవద్దు. ఎంఆర్‌ఐలోనో, ప్రత్యేకమైన సీటీ స్కాన్‌లోనో చూసి, ఎంపిక చేసిన కొందరికి వైద్యం ఇస్తారు.

లక్షణాలు పావుగంటలో తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆ తర్వాతి రెండు రోజులే అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉండే రోజులు. లాక్‌డౌన్‌లో ఎక్కువమంది ఇంట్లో ఆగిపోయేది ఇక్కడే.

ఈలోగా చేయకూడనివి

ఇంట్లో ఉన్న యాస్పిరిన్ మింగించకండి. గడ్డకట్టి వచ్చిందో, నాళం చిట్లి వచ్చిందో స్కాన్ తీసేదాకా ఎంత పెద్ద డాక్టరైనా చెప్పలేరు. చిట్లినదైతే యాస్పిరిన్ దాన్ని పెంచుతుంది. బీపీ 180 ఉందని నాలుక కింద మాత్ర పెట్టడం ఇంకో తప్పు. గడ్డ అడ్డుపడినప్పుడు మెదడుకు రక్తం నెట్టడానికి బీపీ తనంతట తాను పెరుగుతుంది, దాన్ని ఒక్కసారి పడగొడితే దెబ్బతినే భాగం పెద్దదవుతుంది. ఇంజెక్షన్ ఇచ్చేముందు 185/110 కిందికి తెస్తారు గానీ, అది ఆసుపత్రిలో మానిటర్ పెట్టి నెమ్మదిగా చేసే పని.

నీళ్లు, టీ, నిమ్మరసం ఏదీ నోట్లో పోయకూడదు. మింగే కండరాలు పనిచేయకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. కరోనా కూడా ఉన్న మనిషికి అది రెండో దెబ్బ. వేళ్ల కొసలను సూదితో గుచ్చి రక్తం కార్చమనే వాట్సాప్ మెసేజ్, ముక్కులో పసరు, పావురం రక్తంతో మర్దన, ఇవన్నీ గడియారాన్ని తినేవే. గ్లూకోమీటర్ ఉంటే మాత్రం ఒక చుక్క రక్తం తీసి షుగర్ చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలానే కనిపిస్తుంది, ఆ అంకె చెబితే డాక్టర్లకు ఒక పని తగ్గుతుంది.

వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి, సీటీ స్కాన్ లేని నర్సింగ్ హోమ్‌కి వెళ్లడం వల్ల హైదరాబాద్‌లో పోయే సమయం కరోనా వల్ల పోయే సమయానికి తీసిపోదు. సెలైన్ పెడతారు, బీపీ చూస్తారు, గంట తర్వాత 'పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అంటారు. దగ్గరుందని అక్కడికి వెళ్లకండి.

బయల్దేరడం

108కి ఫోన్ చేసి మొదటి వాక్యంలోనే 'పక్షవాతం అనుమానం, ఇన్నింటికి మొదలైంది' అనండి. ఆ తర్వాత జ్వరం, దగ్గు, ఇంట్లో కరోనా కేసు ఉంటే ఉన్నాయని చెప్పండి. ఆ విషయం దాచడం చాలామంది చేసే పని, పేషెంట్‌ను తీసుకోరేమోనని. అంబులెన్స్‌లో దగ్గు మొదలైతే సిబ్బంది ఆగి కిట్లు వేసుకుంటారు, ఆసుపత్రిలో బయటపడితే స్కాన్ గది దాకా వెళ్లిన మనిషిని వెనక్కి తెచ్చి వేరే దారిలో తీసుకెళ్తారు. ముందే చెబితే అవన్నీ బండి రోడ్డు మీద ఉండగానే సిద్ధమవుతాయి.

అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుందో అడగండి. 15–20 నిమిషాలు దాటేలా ఉంటే, మనిషికి తెలివి ఉండి ఊపిరి బాగా ఆడుతుంటే సొంత కారులోనో, పక్కింటివాళ్ల కారులోనో బయల్దేరడమే మేలు. ఊపిరి ఆడకపోయినా, ఫిట్స్ వస్తున్నా అంబులెన్స్‌కే ఆగాలి. కారులో అయితే వెనక సీటులో, వాంతి వస్తే గొంతులోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అద్దాలు దించండి. వాంతి, ఆయాసం లేకపోతే పేషెంట్‌కు కూడా సర్జికల్ మాస్కు పెట్టండి.

2020 ఏప్రిల్‌లో కంటైన్‌మెంట్ జోన్లలో గల్లీలకు అడ్డంగా బారికేడ్లు, కర్రలు కట్టారు. మళ్లీ అలాంటిదే వస్తే అంబులెన్స్ మీ ఇంటి ముందుకు రాలేదు. ఏ మూల మీద మెయిన్ రోడ్డు కలుస్తుందో ముందే చూసి, ఆ చోటే 108కి చెప్పండి. తెలివి ఉన్న మనిషిని చేతులున్న గట్టి కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయవచ్చు. తెలివి లేకపోతే మందపాటి దుప్పటిలో పక్కకు తిప్పి పడుకోబెట్టి నలుగురు పట్టాలి. పడిపోయిన చేతిని పట్టి లాగితే భుజం జారుతుంది. అపార్టుమెంట్ లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు, అక్కడా కుర్చీయే దిక్కు.

కర్ఫ్యూ ఉన్నా అత్యవసర వైద్యానికి పాసు కోసం ఆగనక్కర్లేదు. ఆపితే పేషెంట్‌ను, పాత డిశ్చార్జ్ సమ్మరీని చూపించండి. అక్కడ ఇబ్బంది పెడితే 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. రాత్రుళ్లు కొన్ని ఫ్లైఓవర్లు మూసి ఉండవచ్చు కాబట్టి కింది దారి చూసుకుని కదలండి. దారిలోంచే ఆసుపత్రి క్యాజువాలిటీకి ఫోన్ చేసి పేరు, వయసు, బరువు, మొదలైన టైము, ఎంతసేపట్లో చేరతారో చెప్పడం మర్చిపోవద్దు. ఈ ఒక్క ఫోన్ చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ స్కాన్ దగ్గర తేడా కనిపిస్తుంది.

గేటు దగ్గర, స్కాన్ దగ్గర

'కరోనా రిపోర్టు ఉందా?' అన్న ప్రశ్న దగ్గర ఎన్నో ఇంజెక్షన్లు ఆలస్యమయ్యాయి. ఆర్‌టీపీసీఆర్ ఫలితానికి గంటల నుంచి రోజు దాకా పడుతుంది. పక్షవాతం వైద్యం దాని కోసం ఆగకూడదు. పేషెంట్‌కు కరోనా ఉందనే అనుకుని, తగిన జాగ్రత్తలతో వైద్యం మొదలుపెట్టడం సరైన పద్ధతి. శాంపిల్ తీసుకోమనండి, ర్యాపిడ్ టెస్ట్ చేయమనండి, కానీ స్కాన్‌కు ఆలోగానే తీసుకెళ్లమనండి. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం అందించడం డాక్టర్ల బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2021 మేలో కేంద్రం కూడా కరోనా ఆసుపత్రుల్లో చేర్చుకోవడానికి పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదని ఉత్తర్వు ఇచ్చింది. గేటు దగ్గర గొడవకు దిగితే మీ నిమిషాలే పోతాయి. 'నాలుగున్నర గంటల్లో ఇంకా ఇంత మిగిలుంది, డ్యూటీ డాక్టర్‌ను పిలవండి' అన్న మాటకు ఎక్కువ పని జరుగుతుంది.

లోపలికి ఒక్కరినే రానిస్తారు. ఎవరు వెళ్లాలి? లక్షణాలు మొదలైనప్పుడు పక్కనే ఉండి చూసినవాళ్లు, సంతకం పెట్టి నిర్ణయం తీసుకోగలవాళ్లు. పెద్ద కొడుకు అనో, గట్టిగా మాట్లాడతాడనో పంపితే 'టైము మా అమ్మకు తెలుసు, ఆమె ఇంట్లో ఉంది' అనే పరిస్థితి వస్తుంది. చూసిన మనిషి 60 దాటినవాళ్లో, షుగర్ ఉన్నవాళ్లో అయితే వాళ్ల ఫోన్ పక్కనే పెట్టుకోమని చెప్పి ఇంకొకరిని పంపండి.

మామూలు సీటీ స్కాన్‌కు కొద్ది నిమిషాలే పడుతుంది. మహమ్మారిలో ఆ యంత్రం ముందే ఆలస్యం. ముందు పేషెంట్ కరోనావాళ్లయితే గది శుభ్రం చేసి, గాలి మారేదాకా ఆగాలి. తల స్కాన్‌తో పాటే ఛాతీ కూడా తీయాలని డాక్టర్ అంటే 'అదనపు బిల్లు' అని అడ్డుపడకండి, మళ్లీ ఒకసారి ఆ గదికి వెళ్లే పని తప్పుతుంది. ఆసుపత్రిలో అడుగుపెట్టిన దగ్గర నుంచి ఇంజెక్షన్ పడేదాకా 60 నిమిషాలు దాటకూడదన్నది లక్ష్యం. కిట్లు వేసుకోవడం వల్ల కొంత పెరుగుతుంది. ఆ పెరుగుదలను తగ్గించడంలో ఇంటివాళ్లు చేయగలిగింది, అనుమతి అడిగినప్పుడు జవాబు వెంటనే ఇవ్వడం. దుబాయ్‌లో ఉన్న తమ్ముడిని, అమెరికాలో ఉన్న కూతురిని అడిగి చెబుతామంటే అరగంట పోతుంది. వాళ్లతో ఆ మాట ముందే మాట్లాడి పెట్టుకోండి. డాక్టర్ చెప్పే రిస్కు మెదడులో రక్తస్రావం, వందలో కొద్దిమందికి జరుగుతుంది.

ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కింద ఏటా కుటుంబానికి 10 లక్షల దాకా వర్తిస్తుంది. ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, ఈ వైద్యం కిందికి వస్తుందా అన్నది అక్కడ ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. ఆ పనికి బయట ఉన్న రెండో మనిషిని పెట్టండి, లోపలున్న మనిషి డాక్టర్ ఎదుటే ఉండాలి.

మాట రాని మనిషి, లోపల ఒంటరిగా

కరోనా వార్డులో అటెండెంట్‌ను ఉండనివ్వరు. పక్షవాతం పేషెంట్‌కు ఇది మిగతావాళ్లకన్నా కష్టం. దాహం వేస్తోందని చెప్పలేరు, బెల్ కుడి పక్కన ఉంటే కుడి చెయ్యి లేదు. నర్సు కిట్ లోపల ఉంటే ఆమె మాట వీళ్లకు, వీళ్ల ముద్ద మాట ఆమెకు వినపడదు.

ఒక అట్ట మీద మార్కర్‌తో రాసి మంచం తల దగ్గర అంటించమని ఇవ్వండి. ఏ పక్క పడిపోయిందో ముందు రాయండి. తెలుగా, ఉర్దూనా, హిందీనా ఏ భాష అర్థమవుతుందో రాయండి. కేరళ నుంచి, ఈశాన్యం నుంచి వచ్చిన నర్సులు చాలామంది ఉంటారు కాబట్టి దీన్ని ఇంగ్లిష్‌లో కూడా రాయించండి. మాట రాకపోయినా అర్థమవుతుందా, అవుననడానికి ఏం చేస్తారు, కన్ను ఆర్పుతారా, చెయ్యి నొక్కుతారా? మింగగలరా, లేక రైల్స్ ట్యూబా (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం)? కట్టుడు పళ్లు, కళ్లద్దాలు, చెవి మిషన్ ఉన్నాయా? ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ఒక్కటే ఇవ్వండి, నలుగురివి ఇస్తే ఎవరికీ చేయరు.

ఇంకో కాగితం మీద పెద్ద బొమ్మలు గీసి పంపండి: నీళ్లు, మూత్రం, నొప్పి, చలి, పక్కకు తిప్పు, ఊపిరి ఆడట్లేదు. బాగున్న చేత్తో చూపిస్తారు. ఫోన్, పొడుగు వైరున్న ఛార్జర్, ఫోన్ లాక్ తీసేయడం, వీటిని పంపేముందే చూసుకోవాలి. రోజుకు ఒక టైము అనుకుని వార్డుకు ఫోన్ చేసి, ఈ మూడూ అడగండి: మింగే పరీక్ష చేశారా, రెండు గంటలకోసారి పక్క మారుస్తున్నారా, ఫిజియో మొదలైందా.

ఇంట్లో ఉన్న పాత పేషెంట్: మందులే ప్రాణం

ఒక నెల మందులు వాడుతూ, ఇంకో నెలవి బీరువాలో ఉండేలా చూసుకోండి. అంతకు మించి కొని పెట్టడం అనవసరం, పక్కవాళ్లకు దొరకకుండా పోతాయి. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, బీపీ మాత్రలు ఒక్కరోజు కూడా ఆపకూడదు. 2020లో టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు కరోనాను పెంచుతాయని ప్రచారం జరిగి కొందరు మానేశారు. తర్వాతి పరీక్షల్లో ఆపాల్సిన అవసరం లేదని తేలింది.

ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లు ఐఎన్‌ఆర్ పరీక్ష వాయిదా వేయకూడదు. ల్యాబ్ మనిషిని ఇంటికి పిలిపించండి. గుండె దడ కోసం వాడేవాళ్లకు అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. జ్వరం వచ్చి అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మొదలుపెడితే, పారాసిటమాల్ రోజుల తరబడి వాడితే, తిండి తగ్గితే ఐఎన్‌ఆర్ ఎగబాకుతుంది. మూడు నాలుగు రోజుల్లో మళ్లీ చూపించాలి. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం కనిపిస్తే అదే రోజు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వద్దు. యాస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అవుతుంది.

కరోనాకు నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ రాస్తే మీ పాత చీటీ డాక్టర్ ముందు పెట్టాల్సిందే. అది రివరాక్సబాన్, అపిక్సబాన్, టికాగ్రెలర్ బలాన్ని పెంచి రక్తస్రావం తెస్తుంది, క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. అటోర్వాస్టాటిన్‌ను ఆ మందు వాడే అయిదు రోజులూ ఆపిస్తారు. ఆమ్లోడిపిన్ వాడేవాళ్లకు బీపీ పడిపోవచ్చు. ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమజిపిన్ వాడేవాళ్లకు ఆ మందు అసలు ఇవ్వరు.

బీపీ, పల్స్ ఆక్సీమీటర్ రెండూ బాగున్న చేతికే పెట్టాలి. పడిపోయిన చెయ్యి చల్లగా, బిగుసుకుని ఉంటుంది, అంకె తప్పు వస్తుంది. ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి. ఆవిరి పట్టేటప్పుడు స్పర్శ లేని చేతి దగ్గర మరిగే గిన్నె పెట్టకండి. కాలినా వాళ్లకు తెలియదు.

రైల్స్ ట్యూబ్ ఉన్నవాళ్లకు కరోనా వచ్చి బోర్లా పడుకోమంటే, ఫీడ్ ఇచ్చాక కనీసం గంట ఆగాలి. పడిపోయిన భుజం మీద బరువు పడితే నొప్పి తగులుకుంటుంది కాబట్టి పూర్తిగా బోర్లా కాకుండా పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టడం చాలామందికి కుదురుతుంది. ఫీడ్ ఒకసారికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు, తల వైపు 30–45 డిగ్రీలు ఎత్తి, తర్వాత 30 మిల్లీలీటర్ల నీళ్లతో ట్యూబ్ కడిగి, అరగంట అలాగే కూర్చోబెట్టాలి. ఫిజియో రాకపోతే వీడియో కాల్‌లో చూపించిన వ్యాయామాలను ఇంట్లోవాళ్లే పూటకు పావుగంట చేయించాలి. మొదటి మూడు నెలల్లో వచ్చే మెరుగుదల తర్వాత అంత వేగంగా రాదు.

మందులు కొనసాగించడానికి, బీపీ లెక్కలు చూపించడానికి వీడియో కన్సల్టేషన్ సరిపోతుంది. కొత్తగా చెయ్యి బరువెక్కినా, మింగేటప్పుడు పొరపోతున్నా, తలనొప్పి పెరుగుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా క్యాజువాలిటీకి వెళ్లాలి.

కరోనా తగ్గాక వచ్చే నల్ల మచ్చ

షుగర్ ఉండి, కరోనాకు స్టెరాయిడ్ వాడినవాళ్లలో 2021లో బ్లాక్ ఫంగస్ విజృంభించింది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి కేంద్రంగా చేశారు. ఆ ఫంగస్ ముక్కు నుంచి కంటికి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నాళంలోకి పాకి పక్షవాతం తెస్తుంది. ఒక పక్క చెంప మొద్దుబారడం, ముక్కు నుంచి నల్లటి స్రావం, కన్ను ఉబ్బడం, అంగిట్లో నల్ల మచ్చ కనిపిస్తే ఈఎన్‌టీ డాక్టర్‌కు అదే రోజు చూపించాలి. స్టెరాయిడ్ వాడినన్నాళ్లూ, ఆపాక కొన్ని వారాలూ షుగర్ రోజూ చూసుకోండి.

టీకా

పక్షవాతం వచ్చినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు టీకా వేయించుకోవచ్చు, మందు ఆపనక్కర్లేదు. ఐఎన్‌ఆర్ ఉండాల్సిన హద్దుల్లో ఉందో లేదో ముందు చూసుకోండి. బాగున్న చేతికి, సన్న సూదితో వేయమని అడగండి. వేశాక రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు దూదితో గట్టిగా నొక్కి పట్టాలి. ఆ చోట వాపు గట్టిపడి పెరుగుతుంటే అదే సాయంత్రం చూపించండి.